కొండ బంతి, ఏటి బంతి

లోవరాజు వండిన అన్నం ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు.

ఒక మెతుకు నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, పక్క మెతుకు పంటికింద కటుక్కుమంటుంది. బంతిలో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పళ్ళు లేని పెద్దవాళ్ళు ముద్దగా ఉన్నది ఏరుకుని తిన్నారు. పళ్ళున్నవాళ్ళు మిగిలింది నమిలారు. మజ్జిగ పోసుకునే వేళకి ఎలాగో గండం గట్టెక్కింది.

లోవరాజు మాత్రం వంటశాల గుమ్మం చాటు నుంచి ఇవతలికి రాలేదు.

గోదారి ఒడ్డున, కొండలు మొదలయ్యే చోట, మంగతాయమ్మగారి మఠం ఉండేది. మఠమంటే పెద్ద కట్టడమేం కాదు. ఒక తాటాకు పందిరి, వంటశాల, ఆవిడ పడుకునే చిన్న పాక. ఆవిడ ఎవరికీ కూర్చోబెట్టి బోధలు చేసేది కాదు. ఎవరేం అడిగినా ఏదో ఒక పని పురమాయించేది. ఆ పని చేస్తూ చేస్తూ ఉంటే, అడిగినదానికి జవాబు వాళ్ళకే తోచేది. తోచకపోతే ఇంకో పని చెప్పేది.

ప్రతి పున్నమికీ మధ్యాహ్నం అక్కడ భోజనాలు. రెండు వైపుల నుంచీ జనం వచ్చేవాళ్ళు. ఏటివాళ్ళు, అంటే దిగువ ఊళ్ళవాళ్ళు, మఠం నావలో హాయిగా వచ్చి దిగేవాళ్ళు. కొండవాళ్ళు అడ్డాకులు కట్టలు కట్టి నెత్తిన పెట్టుకుని, మెట్ట దాటి, వాగు దాటి నడిచి వచ్చేవాళ్ళు. ఆ ఆకులతో కుట్టిన విస్తళ్ళలోనే అందరికీ వడ్డన. ఒకటే బంతి. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు. కొండాయన పక్కన ఏటాయన, ఆయన పక్కన మళ్ళీ కొండావిడ, అలాగ.

మంగతాయమ్మగారిని అందరూ అమ్మ అనేవాళ్ళు. ఆ వంటశాలని అమ్మ ఈ మధ్యనే లోవరాజు చేతిలో పెట్టింది. మొదటి పున్నమికే అన్నం ఇలా అఘోరించింది.

భోజనాలయ్యాక ఆవిడ వంటశాలలోకి వచ్చింది. అడుగున మిగిలిన అన్నం ఇంత వేళ్ళతో తీసి నోట్లో వేసుకుంది.

"ఏరా లోవా, మెతుకులు ఇలా దెబ్బలాడుకుంటున్నాయేం?"

"ఎసరు సరిగ్గానే పెట్టానమ్మా," అన్నాడు లోవరాజు ఏడుపు గొంతుతో. "బియ్యం మీద చెయ్యి ఆనిస్తే మణికట్టు దాకా నీళ్ళు. మీరు నేర్పిందే."

ఆ మఠంలో గంజి వార్చేవాళ్ళు కాదు. బలమంతా గంజిలో పోతుందని అమ్మ అత్తెసరే పెట్టించేది. పోసిన నీళ్ళన్నీ బియ్యమే తాగాలి. అందుకని ఎసరు కొలత తప్పితే ఇంక దిద్దుకోవడానికి ఉండదు.

"బియ్యం ఎక్కడివి?"

"సగం మన గాదెలో పాతవి. సగం దిగువ ఊరి గంగాచలంగారు కోతలవగానే పంపించినవి. బియ్యం బియ్యమే కదమ్మా అని కలిపేశాను."

అమ్మ నవ్వు ఆపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే జంట పొయ్యి రాజేసింది. రెండు చిన్న కుండలు పెట్టింది. ఒకదాంట్లో గుప్పెడు పాత బియ్యం, ఒకదాంట్లో గుప్పెడు కొత్త బియ్యం. అదే చెంబుతో రెంటికీ ఒకే కొలత నీళ్ళు. "చూస్తూ ఉండు" అని చెప్పి పువ్వులు కోసుకోవడానికి పోయింది.

తిరిగొచ్చేసరికి లోవరాజు రెండు మూతలూ తీసి, రెండు చేతుల్తో పట్టుకుని నుంచున్నాడు. పాత బియ్యం కుండలో అన్నం సగమే ఉడికి పలుకుగా ఉంది. కొత్త బియ్యం ముద్దయిపోయి, గరిటె గుచ్చితే నిలబడుతుంది.

"ఇప్పుడు కలుపుతావా?"

"చచ్చినా కలపనమ్మా."

"చావక్కర్లేదులే. ముందు ఉడికించి చూడు, తరవాత కలుపు."

ఇందులో ఆవిడ చెప్పిన సగం మాటే లోవరాజు చెవిన పడింది.

ఆ రోజునుంచీ అతనికి లోకమంతా రెండుగా కనిపించడం మొదలెట్టింది. పాత చింతపండు ఒక జాడీ, కొత్త చింతపండు ఒక జాడీ. సరే, అది బాగానే ఉంది. తుమ్మకట్టెలకి ఒక మూల, మామిడికట్టెలకి ఒక మూల. అదీ పనికొచ్చేదే. ఆ తరవాత పొద్దున తెచ్చిన గోదారి నీళ్ళకి ఒక కాగు, సాయంత్రం తెచ్చిన నీళ్ళకి ఒక కాగు పెట్టాడు. పొద్దుటి నీళ్ళకి పప్పు తొందరగా ఉడుకుతుందట.

వంటశాలలో కూరలు తరిగే పాపాయమ్మకి ఒళ్ళు మండింది. "ఒరే నాయనా, కుడి చేత్తో తరిగిన వంకాయ ఒక గిన్నెలోనూ, ఎడం చేత్తో తరిగింది ఒక గిన్నెలోనూ వెయ్యమంటావా?" అంది.

"నీకు ఎడం చెయ్యి వాటం ఉందా పిన్నీ?" అన్నాడు లోవరాజు నిజంగానే.

ఆవిడ వంకాయ విసిరింది.

ఒకరోజు మంగతాయమ్మగారు దాహమని వచ్చి, రెండు కాగుల్లోంచీ చెరో గ్లాసు ముంచుకుంది. తను తాగకుండా లోవరాజు చేతికిచ్చి, "ఇందులో పొద్దుటివి ఏవిరా?" అంది. ఎందులోంచి ఏది ముంచిందో అతను చూడలేదు. ఇది చప్పరించాడు, అది చప్పరించాడు. మళ్ళీ ఇది. పాపాయమ్మ కత్తిపీట వదిలేసి మరీ చూస్తోంది. చివరికి రెండు గ్లాసులూ ఖాళీ అయిపోయాయి గాని సంగతి తేలలేదు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. సాయంత్రానికి ఒక కాగు బోర్లించేశాడు.

అయినా అలవాటు పోలేదు.

తరవాతి పున్నమికి అన్నం మల్లెపువ్వులా ఉడికింది. కాని చాల్లేదు. పులుసు దగ్గరికొచ్చేసరికి గుండిగ అడుగు కనిపించింది. బంతి చివర కూర్చున్న గంగాచలంగారు, దిగువ ఊళ్ళకల్లా పెద్ద మనిషి, చెయ్యి కడుక్కుంటూ లోవరాజుని పక్కకి పిలిచాడు.

"చూశావా లోవరాజూ? మేం పప్పుతో ఇంత, పులుసుతో ఇంత తిని లేస్తాం. కొండవాళ్ళు మూడోసారి కూడా పెట్టించుకున్నారు. వాళ్ళు తినకూడదని కాదు సుమా. వాళ్ళ తిండి తీరు వేరు, మా తిండి తీరు వేరు. ఒకే గరిటెతో కొలిస్తే నీకు ఎప్పటికీ లెక్క కుదరదు."

లోవరాజుకి కళ్ళముందు రెండు కుండలు మెరిశాయి. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని సంగతి తనకి తట్టిందనుకున్నాడు. ఒకే ఎసరు రెండు బియ్యాలకి కుదరనట్టే, ఒకే వడ్డన రెండు జనాలకి కుదరదు! కొండవాళ్ళకి పెరట్లో వేరే బంతి వేస్తే సరి. వాళ్ళకో పెద్ద గుండిగ. ముందుగా కడుపు నిండేట్టు తలా ఒక ముంత జొన్న అంబలి. ఇటు ఏటివాళ్ళకి చిన్న గుండిగ. ఇద్దరికీ తృప్తి. ఇందులో చిన్నచూపు ఏముంది? ఎవరికి తగ్గట్టు వాళ్ళకి పెట్టడమేగా.

ఆ వారంలోనే కొండపెద్ద బొజ్జిరెడ్డి అడ్డాకుల కట్టలు దింపడానికి వచ్చాడు. లోవరాజు అమ్మకి చెప్పకుండానే, మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా తన ఏర్పాటంతా చెప్పాడు.

బొజ్జిరెడ్డి మజ్జిగ తాగడం పూర్తిచేశాడు. ముంత బోర్లించి నేల మీద పెట్టాడు.

"బాబూ, మాకు అన్నం ఇంటి దగ్గర కూడా ఉంది. లేనప్పుడు గడ్డలున్నాయి, జీలుగు జావ ఉంది. మా నాయన మొదటిసారి ఇక్కడ తిని ఇంటికొచ్చినప్పుడు, ఏం పెట్టారో చెప్పలేదు. పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పాడు. మా అమ్మకి పదేపదే అదే చెప్పాడు."

లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు.

"ఆకులు మాత్రం పంపిస్తాం. ఆకుల్లేకపోతే అమ్మ ఇబ్బంది పడుద్ది. మేం రాం."

కోపంగా అన్నా బావుండేది. బొజ్జిరెడ్డి మామూలుగా అన్నాడు, మామూలుగా వెళ్ళిపోయాడు. లోవరాజుకి ఆ మజ్జిగ ముంత వంక చూడబుద్ధి కాలేదు.

మంగతాయమ్మగారు గోంగూర వొలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. చెప్తూ చెప్తూ తన తప్పేం లేదని కూడా చెప్పాడు.

"నేను కలిపినప్పుడూ తప్పే, విడదీసినప్పుడూ తప్పేనా అమ్మా? మీరేగా రెండు కుండలు పెట్టి చూపించారు?"

"కొండవాళ్ళు ఎక్కువ తింటారని నీకెలా తెలుసురా?"

"కళ్ళారా చూశాను."

"ఏటివాళ్ళు తక్కువ తింటారని?"

"అదీ చూశాను."

"ఊఁ. చూశావు."

ఆవిడ ఇంకో కాడ తీసుకుంది.

"ఈ పున్నమికి నావని కొండ కింద రేవుకి పంపించు," అంది. "ఏటివాళ్ళని గట్టు వెంబడి నడిచి రమ్మని కబురు పెట్టు."

లోవరాజు హడలిపోయాడు. "గంగాచలంగారికి కోపమొస్తుందమ్మా!"

"రానీ. కోపంతో నడవకూడదని ఏముంది?"

"మరి బంతి?"

"ఆ ఒక్కరోజుకీ పందిట్లోనే ఎదురెదురుగా రెండు వరసలు వేద్దాం. ఇటు కొండవాళ్ళు, అటు ఏటివాళ్ళు. నీ గుండిగలు నీ ఇష్టం వచ్చినట్టే వండించు. వడ్డన మాత్రం నువ్వే చెయ్యాలి. బొజ్జిరెడ్డిని పిలవాల్సిందీ నువ్వే. వాళ్ళొచ్చే దారినే పో."

పున్నమినాడు తెల్లవారకముందే లోవరాజు బయల్దేరాడు. వెళ్ళేముందు పాపాయమ్మకి అప్పగింతలు పెట్టాడు. "పెద్ద గుండిగ కొండ వరసకి, చిన్న గుండిగ ఏటి వరసకి. మర్చిపోకు పిన్నీ."

"పోరా, పో," అంది పాపాయమ్మ.

మెట్ట ఎక్కుతుంటేనే పిక్కలు పట్టేశాయి. వాగులో రాళ్ళు జారాయి. వాగు దాటాక ఇంకో మెట్ట ఉందని అతనికి ఇంతవరకూ తెలీదు. కొండగూడెం చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది.

బొజ్జిరెడ్డి వాకిట్లో బుట్ట అల్లుకుంటున్నాడు. లోవరాజు రొప్పుతూనే అన్నాడు: "పెద్దాయనా, నేను పిలిస్తే రావని తెలుసు. అమ్మ పిలుస్తోంది. నావ కూడా పంపింది. ఈ ఒక్కరోజుకి ఎదురెదురు వరసలట. ఎందుకో నాకు చెప్పలేదు."

"నీకూ చెప్పలేదా?" బొజ్జిరెడ్డి మొదటిసారి నవ్వాడు. "అయితే వస్తాం. నీ మాట మీద కాదు, అమ్మ మాట మీద."

గూడెమంతా కొండ కిందకి దిగి రేవు చేరింది. పిల్లలు నావ ఎక్కి గెంతులేశారు. ముసలివాళ్ళు కూర్చున్నారు, ఆకుల కట్టలెక్కాయి. నావ నిండిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళకీ లోవరాజుకీ చోటు లేకపోయింది.

"నువ్వు నడిచి రా బాబూ," అన్నాడు బొజ్జిరెడ్డి నావలోంచి. "దారి నీకిప్పుడు తెలుసుగా!"

నావలో వాళ్ళంతా గొల్లుమన్నారు. పాట అందుకున్నారు. ఆ పాట నీళ్ళమీద సాగిపోతుంటే, లోవరాజు ఆ ఇద్దరు కుర్రాళ్ళ వెనకాల మళ్ళీ మెట్టెక్కాడు.

అతను మఠం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడే గట్టు వైపు నుంచి ఏటివాళ్ళు కూడా ఒక్కొక్కరే వస్తున్నారు. గంగాచలంగారు చెప్పులు చేత్తో పట్టుకుని, కండువాతో మెడ తుడుచుకుంటూ వచ్చి పందిరి రాటకి ఆనుకున్నాడు. ఏదో అనబోయాడు గాని ఊపిరి అందక ఊరుకున్నాడు. కొండవాళ్ళు మాత్రం ఎప్పుడో దిగి, కాళ్ళు కడుక్కుని, తలలు దువ్వుకుని చల్లగా కూర్చున్నారు.

విస్తళ్ళు పడ్డాయి. లోవరాజు అన్నం వడ్డించే హస్తం గరిటె పట్టుకున్నాడు. తన కడుపులో ఎలకలు పరుగెడుతున్నా ముందు వడ్డన.

కొండ వరసకి పెద్ద గుండిగ, ఏటి వరసకి చిన్న గుండిగ. పప్పుతో ఒక విడత అయింది. పెద్ద గుండిగ మోయించుకుంటూ మళ్ళీ కొండ వరసకి వచ్చాడు.

"వద్దు బాబూ," విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది ఒకావిడ.

"పులుసులోకి ఇంత..."

"కాస్తంటే కాస్త. కూర్చుని వచ్చినదాన్ని, ఎక్కడ పట్టుద్ది?"

బొజ్జిరెడ్డి అయితే మజ్జిగకి కూడా ఒక్క ముద్దే వేయించుకున్నాడు.

ఇంతలో వెనకనించి కేక. "లోవరాజూ! ఇటు! ఇటు చూడు!"

ఏటి వరస వరసంతా అతని వైపే చూస్తోంది. విస్తళ్ళు ఊడ్చినట్టున్నాయి. చిన్న గుండిగతో పరుగెత్తాడు. గంగాచలంగారి విస్తట్లో వేసి రెండడుగులు వేశాడో లేదో మళ్ళీ ఆయన గొంతే వినపడింది. "ఇంకాస్త... పచ్చడి మిగిలిపోయింది." మరో విడత. "పులుసు బావుందివాళ, ఇంకాస్త." చిన్న గుండిగ అయిపోయింది.

లోవరాజు నడుమ్మీద చెయ్యి వేసుకుని పందిరి మధ్యలో నుంచుండిపోయాడు.

కొండ వరసలో అందరూ లేవబోతున్నారు. ఇద్దరు మాత్రం తలలెత్తకుండా తింటున్నారు. తనతో పాటు నడిచొచ్చిన కుర్రాళ్ళు. ఏటి వరసలో అందరూ చేతులు చాస్తున్నారు. ఒక్కాయన మాత్రం తినడమయిపోయి పందిరి రాటకి ఆనుకుని వక్క నములుతున్నాడు. మఠం పక్క పాకలో ఉండే కుమ్మరాయన.

లోవరాజు కుర్రాళ్ళని చూశాడు. కుమ్మరాయన్ని చూశాడు. మళ్ళీ గంగాచలంగారిని చూశాడు. చేతిలో హస్తం వంక కూడా చూశాడు, దానికేమైనా తెలుసేమోనన్నట్టు.

"అలా దిష్టిబొమ్మలా నుంచున్నావేరా!" అరిచింది పాపాయమ్మ. "పెద్ద గుండిగ ఇటు తిప్పు, మా ఏటివాళ్ళు నన్ను తినేసేలా ఉన్నారు!"

పందిరంతా నవ్వింది. ముందు కొండ వరస నవ్వింది. గంగాచలంగారు నోట్లో ముద్దతో ఆగి, తన విస్తరి చూసుకున్నాడు, ఎదురుగా బొజ్జిరెడ్డి విస్తరి చూశాడు. మొహం ఎర్రబడింది. అంతలోనే పొలమారేంత నవ్వొచ్చింది. బొజ్జిరెడ్డే లేచివచ్చి ఆయన నెత్తిమీద తట్టి మంచినీళ్ళిచ్చాడు.

పెద్ద గుండిగ ఇటు తిరిగింది. అన్నం అందరికీ సరిపోయింది.

భోజనాలయ్యాయి. మంగతాయమ్మగారు పందిరి చివర కూర్చుని చూస్తోంది. లోవరాజు కోసం విస్తరి తనే తెచ్చింది.

"ఎటు వెయ్యనురా?"

లోవరాజు ఇటు వరస చూశాడు, అటు వరస చూశాడు. వంగి, కొండ వరస చాపలు ఒక్కొక్కటే లాక్కొచ్చి ఏటి వరస చాపల చివర్లకి కలిపి పరవడం మొదలెట్టాడు. బొజ్జిరెడ్డి చూసి అవతలి కొస పట్టుకున్నాడు. పందిరి ఈ రాట నుంచి ఆ రాట దాకా ఒకటే పొడుగాటి బంతి అయింది.

దాంట్లో ఎక్కడో మధ్యన లోవరాజు చతికిలబడ్డాడు.

బొజ్జిరెడ్డి అతని చేతిలోంచి హస్తం తీసుకున్నాడు. అన్నం వేశాడు, పప్పు వేశాడు. తలెత్తేలోపల విస్తరి ఖాళీ. మళ్ళీ వేశాడు. గోంగూర పచ్చడితో అదీ అయిపోయింది. పులుసుతో ఇంకోటి. చుట్టూ కొండ పిల్లలూ ఏటి పిల్లలూ చేరి, ముద్ద ముద్దకీ ఓహో అంటున్నారు. గంగాచలంగారు పక్కనే కూర్చుని కొసరి కొసరి కూర వడ్డించాడు.

లోవరాజుకి సిగ్గేసింది. ఆకలి అంతకంటే ఎక్కువేసింది. నోటి నిండా ముద్ద ఉండటంతో మాట రాక, విస్తరి కొంచెం ముందుకి జరిపాడు.

బొజ్జిరెడ్డి గుండిగలోకి తొంగి చూసి, ఇంకా పెట్టమంటావా అన్నట్టు అమ్మ వంక చూశాడు.

"పెట్టు బొజ్జిరెడ్డీ," అంది మంగతాయమ్మగారు. "నడిచొచ్చాడు."